పరుగెత్తే కుక్కలో మూత్రపిండాల రక్తప్రసరణ

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు మూత్రపిండాలకే వెళుతుంది. మరి పరుగు అందుకోగానే కండరాలకు కావలసిన అదనపు రక్తం వాటి వాటాలోంచే రావాలా? ఈ ప్రశ్నకు జవాబు తేలడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

1920ల చివర కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ శస్త్రచికిత్సతో కుక్క ప్లీహాన్ని పొట్ట బయటికి అమర్చాడు. వ్యాయామంతో అది ముడుచుకుపోవడం కళ్లారా చూశాడు. అదే పద్ధతిలో గమనించిన పెద్దపేగు కూడా పాలిపోయింది. మూత్రపిండాల సంగతీ ఇంతేననుకోవడం సహజం.

1940లో అమెరికాలోని మేయో పరిశోధకులు హెరిక్, మన్ బృందం ధమనులకు ఉష్ణ ప్రవాహమాపకాలు అమర్చి కుక్కలను ట్రెడ్‌మిల్ ఎక్కించింది. కాళ్లకు వెళ్లే రక్తం బాగా పెరిగింది. మూత్రపిండాలకు వెళ్లేది మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. 1948లో చాప్‌మన్ బృందం మనుషుల మీద చేసిన అధ్యయనంలో ఇందుకు విరుద్ధంగా, కఠిన శ్రమలో అది బాగా పడిపోయింది. తేడా జంతువులోనిదా, పరికరంలోనిదా?

సియాటిల్‌లో డీన్ ఫ్రాంక్లిన్ తదితరులు రూపొందించిన అల్ట్రాసౌండ్ ప్రవాహమాపకాలు ఈ చిక్కు విప్పాయి. వాటిని ధమని చుట్టూ అమర్చి, గాయం మానాక, మత్తు లేకుండా స్వేచ్ఛగా పరుగెత్తే కుక్కలోనే రక్తప్రవాహాన్ని రేడియో ద్వారా నమోదు చేయవచ్చు. 1969లో వాన్ సిటర్స్, ఫ్రాంక్లిన్ అలాస్కా స్లెడ్జి కుక్కలను ఇలాగే పరిశీలించారు. పరుగులో గుండె నిమిషానికి 300 సార్లు కొట్టుకుంటున్నా, మూత్రపిండ ప్రవాహం దాదాపు విశ్రాంతి స్థాయిలోనే నిలిచింది.

1972లో మిలార్డ్, హిగిన్స్, ఫ్రాంక్లిన్, వాట్నర్ మరో అడుగు వేశారు. ఆరోగ్యమైన కుక్కలో మూత్రపిండ నాళాలు కొంత బిగుసుకున్నా, రక్తపోటు పెరగడంతో ప్రవాహం పెద్దగా మారలేదు. గుండె వైఫల్యం ఉన్న కుక్కల్లో మాత్రం అది బాగా తగ్గిపోయింది. ప్లీహం తొలగించిన కుక్కలపై తర్వాత జరిగిన ప్రయోగాలు ఇంకో కారణాన్ని బయటపెట్టాయి. పరుగులో ప్లీహం తన దగ్గర నిల్వ ఉన్న ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుంది. ఆ సాయం అందకపోతే లోపలి అవయవాల వాటాకు కోత పడుతుంది.

అందుకే కుక్కలో చూసిన ఫలితాన్ని మనిషికీ, మనిషిలో చూసినదాన్ని కుక్కకూ యథాతథంగా అంటగట్టకూడదు. ఆరోగ్యమైన కుక్క పరుగెత్తినంత మాత్రాన దాని మూత్రపిండాలు రక్తానికి కరువు పడవు. గుండె జబ్బు ఉన్న కుక్కను మాత్రం పశువైద్యుణ్ణి అడగకుండా పరుగెత్తించకండి.