పుట్టిన రోజునే టీకా

పచ్చకామెర్లన్నీ ఒకే వ్యాధి కాదు. కలుషితమైన నీటివల్ల వచ్చేవి వేరు, రక్తంద్వారా సోకే హెపటైటిస్-బి వేరు. ఈ రెండవదాని వైరస్ రక్తంలోను, వీర్యం మొదలైన శరీరద్రవాలలోను ఉంటుంది. కాన ప్రసవ సమయంలో తల్లినుండి శిశువుకు, దాంపత్యంలో ఒకరినుండి మరొకరికి సంక్రమిస్తుంది. పెద్దవారిలో నూటికి 95 మంది దానిని వదిలించుకోగలరు. పుట్టుకలోనే సోకితే మాత్రం నూటికి 90 మంది శిశువులలో అది స్థిరపడిపోతుంది. ఏ బాధా తెలియనీయక, ఏళ్ళ తరబడి కాలేయంలో దాగి, తుదకు కేన్సరుకు దారితీయవచ్చు.

ఈ వైరస్ జాడ మొదట అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లంబర్గ్‌కు చిక్కింది. 1960 దశకంలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో ఆయన ఒక కొత్త ప్రోటీనును గుర్తించాడు. అది వైరస్ పైపొరకు చెందినదని తరువాత తేలింది. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి లభించింది. ఆ పైపొర ఒక్కటే వ్యాధిని కలిగించలేదు. కాని దానిని ఎదుర్కొనే ప్రతిరక్షకాలను పుట్టిస్తుంది. టీకాకు మూలసూత్రం ఇదే. 1981లో వచ్చిన తొలి టీకాను రోగవాహకుల రక్తరసంనుండి తీసేవారు. 1986నుండి ఈస్ట్ కణాలలో తయారైన టీకా వాడుకలోకి వచ్చింది.

టీకా విలువ తైవాన్‌లో రుజువైంది. అక్కడ 1984లో వైరస్ ఉన్న తల్లుల శిశువులకు, తరువాత శిశువులందరికీ టీకాలు వేశారు. కొన్నేళ్ళకు పిల్లలలో కాలేయ కేన్సరు స్పష్టంగా తగ్గింది.

మనదేశంలో అడ్డు వచ్చింది వెల. దిగుమతి టీకా ఒక్కొక్క మోతాదుకు వందలాది రూపాయలు అయ్యేది. 1993లో వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థ ఈస్ట్ కణాలలో టీకాను తయారుచేసి, 1997లో ఎంతో తక్కువ వెలకు విడుదల చేసింది. ప్రభుత్వం 2002లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన కార్యక్రమం 2011 నాటికి దేశమంతటా విస్తరించింది.

నేడు వనపర్తి జిల్లాలోని పెద్దమందడి వంటి గ్రామంలో పుట్టిన బిడ్డకూ ఈ టీకా ఉచితమే. అయితే 24 గంటలలోగా వేయాలి; వైరస్ స్థిరపడేలోగా ప్రతిరక్షకాలు సిద్ధం కావాలి. 6, 10, 14 వారాలకు తరువాతి మోతాదులు ఇస్తారు. గర్భిణికి రక్తపరీక్ష చేయించి, వైరస్ ఉన్నట్లు తేలితే శిశువుకు తయారు ప్రతిరక్షకాల ఇంజెక్షను కూడా ఇవ్వాలి. భర్తకు పరీక్ష చేయించి, అవసరమైతే 0, 1, 6 నెలలలో మూడు టీకాలు వేయించాలి. అవి పూర్తయ్యేవరకు నిరోధ్ వాడాలి. చనుబాలు ఇవ్వడంవల్ల గాని, కలిసి భోంచేయడంవల్ల గాని ఈ వ్యాధి రాదు. కాబట్టి తల్లిని వెలివేయవలసిన పనిలేదు, బిడ్డకు తొలిరోజు టీకా తప్పకూడదు.