బండల వాకిట్లో సౌండ్ చెక్

తాండూరు. సద్దుల బతుకమ్మకు ముందు రోజు, పొద్దు వాలుతోంది. మీరు ఒక పాత ఇంటి పెద్ద వాకిట్లో నిలబడి ఉన్నారు. కాళ్ల కింద నీలం నాపబండలు, మూడు వైపులా అదే రాతి గోడలు. ఈ ఊరి గనుల రాయే ఇది. అరుగు మీద ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలు పేరుస్తున్నారు. ఇంకో గంటలో ఆట మొదలు.

"అన్నా, జర స్టాండ్ పట్టుకో" అంటాడు సౌండ్ పెట్టే పిల్లగాడు. మీరు పట్టుకుంటారు. అతను స్పీకర్‌ను భుజాన ఎత్తి స్టాండ్ మీద దింపుతాడు. హార్న్ అందరి తలల కంటే పైకి వచ్చేలా గొట్టం లేపి పిన్ను గుచ్చుతాడు. వేరే ఆంప్లిఫయర్ లేదు. అది డబ్బాలోనే ఉంది. చెట్టుకు గరాటు స్పీకర్ కట్టి, కింద బల్ల మీద ఆంప్లిఫయర్ పెట్టుకుని కాపలా కూర్చునే రోజులు చూసినవాళ్లకు ఇది వింతే.

వెనక్కి రండి. రెండు ఇన్‌పుట్‌లు, ఒక్కోదానికి ఒక నాబ్, పక్కన మైక్, లైన్ అని చిన్న స్విచ్. కింద మాస్టర్, ఎకో నాబులు. ఓ మూల ఎర్ర లైటు. కరెంటు ఇచ్చేముందు పిల్లగాడు నాబులన్నీ సున్నాకు తిప్పాడు, వైర్లన్నీ పెట్టాకే స్పీకర్ ఆన్ చేశాడు. ఫోన్‌కు రెండు కొసలా ఒక్కొక్క పిన్నే ఉన్న వైరు తగిలించి పాట పెట్టాడు.

డప్పు వస్తోంది, కోరస్ కొంచెం వస్తోంది. పాడే ఆమె గొంతు మాత్రం మాయం!

"గొంతేదిరా?" అని అరుగు మీంచి కేక. ఫోన్ పాడైందనుకుంటారు మీరు. కాదు, వైరు తప్పు. ఫోన్ ఆ పిన్నులో కుడి ఎడమలను వేర్వేరుగా పంపుతుంది. స్పీకర్‌లోని బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ మాత్రం ఆ రెంటినీ ఒకదానిలోంచి ఒకటి తీసేసి మిగిలిందే వినిపిస్తుంది. పాడే గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి పూర్తిగా కొట్టుకుపోతుంది. ఒకవైపు ఒక పిన్ను, రెండోవైపు చీలి రెండు పిన్నులు ఉన్న వైరు తీసి, చెరో ఇన్‌పుట్‌లో చెరొకటి గుచ్చగానే ఆమె తిరిగొచ్చింది. కానీ ఇన్‌పుట్లు రెండూ నిండిపోయాయి, మైక్‌కు చోటు లేదు. ఒక పిన్ను పీకేశాడు. ఎడమ వైపు ఒక్కటే చాలు, గొంతు ఎలాగూ అందులో ఉంది. బ్లూటూత్ పెట్టుకుంటే ఈ గొడవే లేదంటారా? వైరు గొడవ ఉండదు గానీ, వైరుకైనా బ్లూటూత్‌కైనా, పాట నడుమ అత్తగారి ఫోన్ వస్తే రింగ్‌టోన్ వాడకంతా వినపడుతుంది.

ఇప్పుడు లెవెల్. ఫోన్ వాల్యూమ్ ముప్పాతిక దాటించి, స్విచ్ లైన్ వైపు నెట్టి, నాబ్ మెల్లగా తిప్పుతున్నాడు. డప్పు దెబ్బకు ఎర్ర లైటు మినుకుమనగానే కొంచెం వెనక్కి. ఫోన్‌లో తగ్గించి స్పీకర్‌లో పెంచితే పాటతోపాటు సోయ్‌మనే రొద కూడా పెరుగుతుంది. రెండో ఇన్‌పుట్‌కు మైక్, స్విచ్ మైక్ వైపు. మామూలు డైనమిక్ మైక్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, ఫోన్ ఇచ్చేది అంతకు వందల రెట్లు. స్విచ్ తారుమారైతే ఫోన్ పాట గరగరలాడుతుంది, మైక్ మూగబోతుంది.

"హలో, హలో" అంటోంది పాట చెప్పే పెద్దామె.

"పెద్దమ్మా, హలో అనకు. ఆటల ఎట్ల పాడ్తవో గట్లనే పాడు."

ఆమె పాడింది. హలోకు వెలగని ఎర్ర లైటు భగ్గుమంది. నాబ్ తగ్గింది. నన్నడిగితే సౌండ్ చెక్ మొత్తంలో ముఖ్యమైన మాట ఆ పిల్లగాడు అన్నదే. హలోకు సరిపెట్టిన లెవెల్ పాటకు పనికిరాదు.

మాస్టర్ పెంచాడో లేదో, కుయ్‌మని చెవులు చిల్లులు పడే కూత. పూలు పేర్చే చేతులు చెవుల మీదికెళ్లాయి. నున్నటి రాయి తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటో రెండో పాళ్లు మింగుతుంది, మిగతాదంతా తిప్పి కొడుతుంది. స్పీకర్‌లోంచి వచ్చిన గొంతు బండకూ గోడకూ తగిలి మైక్‌లో దూరి, మళ్లీ స్పీకర్‌లోకి, మళ్లీ గోడకు. తిరిగిన ప్రతిసారీ పెద్దదవుతోంది. పిల్లగాడు పెద్దామెను స్పీకర్ వెనక్కి జరిపాడు. మైక్ తలను గుప్పిట్లో మూసి పట్టుకుంటే విప్పించాడు, ఎందుకంటే వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తోసిపుచ్చే గుణం అలా మూస్తే పోతుంది. గోడకు రెండు జంపఖానాలు వేలాడదీశాడు. ఎకో నాబ్ సున్నాలోనే ఉంచాడు. మన దగ్గర ఎకో లేకపోతే మైకే కాదనుకుంటారు గానీ, ఈ రాతి వాకిట్లో ఎకో ఉచితం.

జనం వచ్చారు. చీరలూ మనుషులూ శబ్దాన్ని పీల్చుకుంటారు కాబట్టి మాస్టర్ కాస్త పెరిగింది. చప్పట్లు మొదలవగానే ఫోన్ పాట ఆపేశాడు, మైక్ ఒక్కటే. 2014లో రాష్ట్ర పండుగ అయినప్పటి నుంచి బతుకమ్మకు వేదికలు పెరిగాయి, స్పీకర్ పెట్టెలూ పెరిగాయి. చప్పట్లు వినపడనంత పెద్ద సౌండ్ పెడితే అది బతుకమ్మ ఆట కాదు, డీజే.

మర్నాడు అదే స్పీకర్ వికారాబాద్‌లో, అనంతగిరి కొండల దిక్కు నుంచి గాలి వీచే ఖాళీ మైదానంలో. ఇక్కడ గోడల్లేవు. కూత లేదు, శబ్దం నిలవడమూ లేదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది.

"ఎనకకు ఇనవడ్తలేదు, సౌండ్ పెంచు తమ్మీ!"

పెంచలేదు. అప్పటికే ఆ ఎర్ర లైటు వెలుగుతూ ఉంది, ఇంకా తిప్పితే శబ్దం ముద్దయిపోతుందే తప్ప పెరగదు. మైదానం నడిమికి రెండో స్పీకర్ మోసి, మొదటిదాని అవుట్ నుంచి వైరు లాగాడు. రెండోదాని స్విచ్ లైన్ వైపు. వెనక వరుస చేతులు ఊపింది.

రాత్రి పదవుతోంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. మాస్టర్ సున్నాకు దించి, ముందు స్పీకర్లు ఆపి, ఆ తర్వాతే వైర్లు పీకాడు. ధబ్బుమనలేదు.

ఈసారి మీ గల్లీలో సౌండ్ పెట్టించేటప్పుడు పిల్లగాణ్ని గంట ముందే రమ్మనండి. పాడే ఆమెను కూడా రమ్మనండి.