పారబోసిన నూనెకు పట్టిన దశ

పామాయిల్ గెలలను ఆవిరిలో ఉడికించి, పిండి, ఆ రసంలో వేడినీళ్లు కలిపి నూనె తేరుస్తారు. టన్ను ముడి నూనె చేతికొచ్చేసరికి రెండున్నర నుంచి మూడు టన్నుల మురుగునీరు బయటపడుతుంది. చిక్కగా, గోధుమ రంగులో పారే ఆ నీటిలో లీటరుకు 4 నుంచి 6 గ్రాముల నూనె ఇంకా మిగిలే ఉంటుంది. దాన్ని ఏం చేయాలన్నది ఎప్పటికప్పుడు తేల్చింది యంత్రాల కన్నా ఎక్కువగా చట్టమూ, ధరలే.

నేటి మలేసియాలో భాగమైన మలయాలో తొలి వాణిజ్య పామాయిల్ తోటను 1917లో సెలంగోర్‌లోని తెన్నమారం ఎస్టేటులో ఫ్రెంచి దేశస్థుడు ఆన్రీ ఫొకోనియె వేయించాడు. మిల్లులు కొద్దిగా ఉన్నన్నాళ్లూ మురుగు గురించి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1960ల తర్వాత తోటలు, వాటితో పాటు మిల్లులు పెరగడంతో నదులు పాడయ్యాయి. మలేసియా 1974లో పర్యావరణ చట్టం, 1977లో పామాయిల్ మిల్లులకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. శుద్ధి చేయని మురుగులో కాలుష్య తీవ్రతను చెప్పే బీఓడీ లీటరుకు సుమారు 25,000 మిల్లీగ్రాములు. 1978లో 5,000గా పెట్టిన పరిమితిని 1984కల్లా అంచెలంచెలుగా 100కు దించారు.

దాంతో మిల్లుల పక్కన బాక్టీరియాతో శుద్ధి చేసే గుంటలు వెలిశాయి. నూనె తెట్టు కడితే వాటి పని కుంటుపడుతుంది. అందుకే ముందుగా తొట్లలో నిలిపి, పైకి తేలిన నూనెను తీసేవారు. అసలు ఉద్దేశం గుంటలను కాపాడుకోవడమే, నూనె అదనపు లాభం. పులిసిపోయి తిండికి పనికిరాని ఆ మడ్డి నూనె సబ్బుల తయారీకి పోయేది. సన్నని పీచుకు, జిగురుకు అంటుకున్న బిందువులు మాత్రం అంత తేలిగ్గా తేలవు. వాటి కోసం సెంట్రిఫ్యూజులు, డికాంటర్లు వచ్చాయి. హెక్సేన్, కైటోసాన్, రబ్బరు పొడితో నూనెను పట్టే ప్రయోగాలూ జరిగాయి.

అసలు మలుపు ఐరోపాలో వచ్చింది. అడవుల నరికివేత కారణంగా పామాయిల్ ఇంధనానికి పగ్గాలు వేసిన ఐరోపా సమాఖ్య, మిల్లు మురుగును మాత్రం ప్రోత్సాహకాలు దక్కే ఇంధన ముడిసరుకుల జాబితాలో ఉంచింది. మడ్డి నూనెకు గిరాకీ పెరిగింది, దాని వెంటే అనుమానాలూ పుట్టాయి. పై లెక్క ప్రకారం టన్ను ముడి నూనెకు మురుగులో ఉండేది 10 నుంచి 18 కిలోలే. అంతకు మించి ఎగుమతైతే, మంచి నూనెనే మురుగు పేరుతో అమ్ముతున్నారన్న సందేహం రాకమానదు. 2025 జనవరిలో ఇండొనేసియా ఈ ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది.

మన దేశంలో 2021లో మొదలైన జాతీయ పామాయిల్ మిషన్‌తో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ తోటలు విస్తరిస్తున్నాయి. వాటి వెంట మిల్లులూ వస్తాయి. మురుగులోంచి నూనె తోడుకోవడం మంచిదే, దాన్ని మురుగులోకి పోనివ్వకపోవడం ఇంకా మంచిది. టన్ను గెలలకు ఎంత నూనె నీటిపాలవుతోందో ప్రతి మిల్లూ కొలిచి బయటపెట్టాలి. గెలలు పండించే రైతులు ఆ లెక్క అడగాలి.