ఎండాక్ భాషలో అనవసర పేరా ఆదేశాలు

ఎండాక్ అనేది యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టములలో మాన్యువల్ పుటలు వ్రాయటానికి ఉపయోగించే మార్కప్ భాష. ఇందులో కొత్త పేరాను సూచించే ఆదేశం "పీపీ". ముందు, వెనుక ఉన్న ఆదేశాల వలన ఎటువంటి ప్రభావమూ లేకుండా మిగిలిపోయే పీపీ ఆదేశాన్ని అనవసర పేరా ఆదేశం అంటారు. వీటిని తొలగించి మూలపాఠాన్ని సరళం చేయటం మాన్యువళ్ళ నిర్వహణలో తరచుగా జరిగే పని.

నేపథ్యం

1979లో వెలువడిన యునిక్స్ ఏడవ కూర్పుతో "మ్యాన్" అనే మాక్రోల సముదాయం వచ్చింది. దీనిని డగ్లస్ మెకిల్‌రాయ్ రూపొందించాడు. ఇది అక్షరాల రూపాన్ని, ఖాళీలను మాత్రమే చెప్పగలదు. 1990 ప్రాంతంలో బర్క్‌లీలో సింథియా లివింగ్‌స్టన్ రూపొందించిన ఎండాక్, ఒక పదం ఎంపికయా, ఫైలు పేరా, ఫంక్షనా అన్న అర్థాన్ని కూడా గుర్తిస్తుంది. క్రిస్టాప్స్ జోన్సన్స్ వ్రాసిన మ్యాన్‌డాక్ అనే ప్రోగ్రాము ఈ రెండు భాషలనూ చదువుతుంది. ఇది 2009లో ఓపెన్‌బీఎస్‌డీలో చేరింది.

ఎక్కడ అనవసరం?

పీపీ చేసే పని ఒక్కటే, నిలువుగా కొంత ఖాళీ వదలటం. ఆ ఖాళీని వేరొక ఆదేశం ముందే ఇస్తున్నా, ఆ చోట ఖాళీ ఉండరాదని నియమమున్నా పీపీతో పని లేదు. విభాగం లేదా ఉపవిభాగం శీర్షికకు వెంటనే క్రింద, విభాగం చివర, ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన రెండు పీపీలలో ఒకటి ఈ కోవకు చెందుతాయి. సాధారణ జాబితాకు గాని, విడిగా చూపే పాఠానికి గాని సరిగ్గా ముందు వచ్చే పీపీ కూడా అనవసరమే. ఎందుకంటే జాబితా తన ముందు ఖాళీని తానే వదులుకుంటుంది. జాబితాలోని అంశం చివర వచ్చే పీపీ కూడా ఇటువంటిదే, అయితే పట్టిక రూపంలోని జాబితాలకు ఇది వర్తించదు.

జాబితాకు "కాంపాక్ట్" అనే గుర్తు ఉంటే లెక్క మారుతుంది. అటువంటి జాబితా ముందు గాని, అంశాల మధ్య గాని ఖాళీ ఉండదు. కనుక అక్కడి పీపీ అవసరమైనదే. జాబితా ముగిసిన తరువాతి పీపీ కూడా అవసరమే; జాబితా మొదట ఖాళీ ఇస్తుంది గాని చివర ఇవ్వదు. కొత్తగా పని చేసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మ్యాన్ భాషలో జాగ్రత్త

మ్యాన్ భాషలో పీపీకి (ఇక్కడ రెండూ పెద్ద అక్షరాలు, ఎండాక్‌లో రెండవది చిన్న అక్షరం) ఖాళీతో పాటు మరొక బాధ్యత ఉంది. "టీపీ" ఆదేశంతో మొదలైన అంశపు వివరణ లోపలికి జరిగి ఉంటుంది. తరువాతి పీపీ ఆ వివరణను ముగించి పాఠాన్ని మామూలు అంచుకు తెస్తుంది. దానిని అనవసరమని తీసివేస్తే తరువాతి వాక్యాలు చివరి అంశంలో కలిసిపోతాయి. అన్ని ఎంపికలకూ వర్తించే హెచ్చరిక ఒకటి ఆ చోట ఉంటే, అది చివరి ఎంపికకు మాత్రమే చెందినట్లు పాఠకునికి కనిపిస్తుంది. ఫైళ్ళను చెరిపే ప్రోగ్రాము మాన్యువల్‌లో ఇది చిన్న దోషం కాదు. శీర్షిక వెంటనే వచ్చే పీపీని, పాఠమేమీ లేక టీపీకి ముందు మిగిలిన పీపీని మాత్రం నిస్సంకోచంగా తీసివేయవచ్చు.

కారణాలు, గుర్తించే విధానం

వ్రాసేవారి అలవాటు, మధ్యలోని వాక్యాలను కొట్టివేసినపుడు మిగిలిన ఆదేశాలు ఇందుకు కొంత కారణం. మరొకటి యాంత్రిక మార్పిడి. డాక్‌బుక్ వంటి భాషలలో ప్రతి పేరాను విధిగా గుర్తించాలి. దానిని ఉన్నదున్నట్లుగా మారిస్తే ప్రతి శీర్షిక క్రిందా ఒక పీపీ చేరుతుంది.

మ్యాన్‌డాక్‌ను "లింట్" రీతిలో నడిపితే, అనవసర ఆదేశం ఏ ఫైలులో, ఏ పంక్తిలో ఉన్నదో, దేనికి ముందు లేదా వెనుక ఉన్నదో హెచ్చరికగా తెలుపుతుంది. ముద్రించేటపుడు ఆ ఆదేశాన్ని వదిలివేస్తుంది. కాబట్టి తొలగింపునకు ముందు, తరువాత వచ్చిన పాఠాలను "డిఫ్" ప్రోగ్రాముతో పోల్చినపుడు ఏ తేడా కనిపించరాదు. తేడా కనిపిస్తే, తొలగించిన వాటిలో ఒకటి అవసరమైనదన్నమాట.

పేరాల మధ్య పీపీకి బదులుగా ఉత్త ఖాళీ పంక్తి వదలటం సరళీకరణ క్రిందికి రాదు. మ్యాన్‌డాక్ దానికి కూడా హెచ్చరిక ఇస్తుంది.