చిన్నగూడు అను ఊరు

దోహా మహానగరమునకు దక్షిణమున, తీరపట్టణమైన అల్ వక్రాకు పడమటివైపున ఇసుకనేలపై వెలసిన మా అల్ వుకైర్ పేరునకు మూలమని చెప్పదగిన 'వక్ర్' అను అరబీ పదమునకు పక్షిగూడు అని అర్థము. ఆ పదమునకే లఘుత్వమును సూచించు రూపము వుకైర్ అగుటచేత, తెలుగున చెప్పవలసినచో ఇది 'చిన్నగూడు' అను ఊరు. వక్రా యనగానే వంకర యను సంస్కృతార్థమును తలచువారు మనలో కలరు గాని, ఆ రెంటికిని చుట్టరికము లేదు.

చమురు సంపద రాకపూర్వము ఈ తీరవాసులు పగడపురాతిని, సున్నపురాతి ముక్కలను మట్టితో పేర్చి దళసరి గోడలు లేపి, తూర్పు ఆఫ్రికానుండి ఓడలపై వచ్చిన మడకర్రలను దూలములుగా పరచి, వానిపై ఖర్జూరపుటాకుల చాపలు కప్పి మట్టి మెత్తెడివారు. గదులన్నియు నడుమనున్న 'హోష్' అను ముంగిటివైపునకే తెరచుకొనును. ఇండ్లవరుసల మధ్య సాగు 'సిక్కా' యను సన్నని సందు పట్టపగలును నీడను విడువదు. అల్ వక్రా తీరమున పునరుద్ధరింపబడిన అంగడివీధియైన సూక్‌లో ఆ కట్టడపు తీరును నేటికిని చూడవచ్చును. అచ్చటి ముంగిట నిలిచి తలయెత్తినపుడెల్ల, నాలుగు చూరులనుండి వాననీరు జాలువారు మా అమ్మమ్మగారి మండువా లోగిలియే నా కన్నులకు కట్టును.

మేము వుకైర్‌కు రాకముందు దోహాలో, చెక్కపలకలతో వాటాలుగా చీల్చిన ఒక విల్లాలో కాపురముంటిమి. వంటింటికి కిటికీ లేనందున పోపు ఘాటు పసిబిడ్డ ఉయ్యాలదాక వచ్చెడిది. కావున ఎజ్దాన్ సంస్థ ఇచ్చట నిర్మించిన, అంకెలే పేర్లుగా గల విలేజీలలో ఒకదానికి మారిననాడు, మాదే యైన గుమ్మమును, గాలి వచ్చు వంటగదిని చూచి నా ఇల్లాలు కన్నీరు పెట్టుకొనెను. ఆ మేలును నేను మరువలేను. కుటుంబములు నివసించు పేటలలో కార్మికుల సామూహిక వసతులను నిషేధించిన 2010 నాటి 15వ చట్టము మావంటి కుటుంబములకు నెమ్మది నిచ్చినను, మన ఊళ్లనుండి ఒంటరిగా వచ్చిన తమ్ముళ్లను మా వీధులకు దూరము చేసినదని చెప్పక తప్పదు.

ఇండ్లు బాగుపడినవి, ఇండ్ల నడుమ చోటు బాగుపడలేదు. గోడకావల విలేజీలోనున్న వదినగారింటికి కూరగిన్నె పట్టుకొని పోవలెనన్న, పెద్దగేటు దాటి, ఎండలో, కాలిబాట లేని ఇసుకలో చుట్టు తిరిగి పోవలసినదే. 2019 మేలో అల్ వక్రా వరకు మెట్రో వచ్చినది. 2022 ప్రపంచకప్ అతిథులకు విడిదియైన పొరుగు మదీనత్నాలో 6,780 ఇండ్లు వెలసినవి. మదీనత్నా యన 'మన నగరము'. ఇంతమంది చేరినచోట నీడబాటలు వేయుట అసాధ్యము కాదు: దోహా నడిబొడ్డున 31 హెక్టారుల మేర పునర్నిర్మించిన ముషైరిబ్‌లో భవనములు ఒకదానిపై నొకటి నీడ పరచునట్లు అమర్చి, పాత సిక్కాలను మరల బ్రతికించిరి. మాకు అంతటి వైభవము అక్కరలేదు. ప్రహరీలలో అక్కడక్కడ నడకదారికొక చిన్నద్వారము, దారి పొడవున మన రేగునకు దాయాదియైన సిద్ర్ చెట్లు చాలును.

ఆగస్టు ఉక్కలో ఏసీనుండి కారు నీటిని నా ఇల్లాలు బకెట్టున పట్టి, గోడవారనున్న కరివేపాకు తొట్టెకు పోయును. మొక్క గోడయెత్తు దాటినది. సాయంకాలము ఆవలినుండి "అత్తా, రెండు రెబ్బలు" అను పిలుపు వినవచ్చును. ఆమె కుర్చీ యెక్కి, గోడమీదుగా అందించును.