నీళ్ళ పైన రాళ్ళు, నీళ్ళ అడుగున ఊళ్ళు



కృష్ణా నదిపై నాగార్జునసాగర్ జలాశయం నడుమ నాగార్జునకొండ అనే చిన్న ద్వీపం ఉంది. దానిమీద మధ్యయుగాల నాటి కోట గోడలు శిథిలమై నిలిచి ఉన్నాయి. జనం లాంచీ ఎక్కి వెళ్ళి, చూసి, తిరిగి వచ్చేస్తారు. కాపురమున్న ఇల్లు అక్కడ ఒక్కటీ లేదు.

మొదట అది ద్వీపం కాదు, లోయలో ఒక కొండ. శత్రువు ఎక్కి రాకూడదని ఆ కొండమీద కోట కట్టారు. కోట కంటే వెయ్యేళ్ళ ముందే, 3వ శతాబ్దంలో, కింద లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసింది. అక్కడి బౌద్ధ స్తూపాలు, శాసనాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు డ్యాముకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని పురావస్తు శాఖవారు 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి తెచ్చి కొండపైన మళ్ళీ నిలబెట్టారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు.

రాళ్ళు పైకెక్కాయి. లోయలో ఉన్న పుల్లారెడ్డిగూడెం వంటి ఊళ్ళు మునిగాయి. ఆ మనుషులు పుట్టిన ఇల్లూ, దున్నిన పొలమూ విడిచి వెళ్ళారు. వారి పేర్లతో కొండపైన ఏ రాయీ నిలవలేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. సాగర్ ఎడమ కాలువ పాలేరు మీదుగా మన ఖమ్మం పొలాలను తడుపుతున్నది. మన కంచంలో అన్నం వెనుక ఎవరి ఊరో ఉంది.

యెహోషువ గ్రంథము 4వ అధ్యాయం చదవండి. యొర్దాను నుండి పన్నెండు రాళ్ళు మోసుకొచ్చి గిల్గాలులో నిలిపారు, పిల్లలు అడిగితే చెప్పడానికి. అయితే నది నడుమ కూడా యెహోషువ పన్నెండు రాళ్ళు నిలిపాడు. వాటిని మళ్ళీ నీళ్ళు కప్పేశాయి. ఒడ్డున ఉన్నవి అందరికీ కనబడతాయి. అడుగున ఉన్నవి దేవునికి కనబడతాయి.

ఇప్పుడు మన గోదావరిపై పోలవరం కడుతున్నారు. కూనవరం, వి.ఆర్.పురం వైపు మన కోయ సహోదరులు, మన బంధువులు ఊళ్ళు విడుస్తున్నారు. అలా వచ్చిన కుటుంబం మీ వీధిలో దిగితే, ముందు వాళ్ళ ఊరి పేరు అడగండి. కూర్చోబెట్టి అన్నం పెట్టండి. ఆ ఊరి పేరు మీ పిల్లలకు చెప్పి, కుటుంబ ప్రార్థనలో తలచుకోండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.