ఆస్పత్రి ఆవరణలో గుడారాలు

పిల్లవాడు పదే పదే దొంగతనము చేయుచున్నాడు. లేక నాలుగేండ్లు నిండినను పిలిచిన పలుకడు, తల్లి మొగము చూడడు. ఇట్టి యెడల మన ఇండ్లలో మొదట పుట్టు ప్రశ్న: తప్పెవరిది? పెంపకము అను మాట ఎవరో ఒకరు అననే అందురు. అది సాధారణముగా తల్లి మీదనే పడును. ఈ ప్రశ్నకు వైద్యులు చెప్పిన సమాధానములు కాలక్రమమున ఎట్లు మారినవో ఈ ప్రసంగములో మనవి చేయదలచితిమి.

1899లో అమెరికాలోని షికాగో నగరమున పిల్లలకై ప్రత్యేక న్యాయస్థానము వెలసినది. అంతకు పూర్వము వారు పెద్ద నేరస్థులతోపాటే విచారణకు నిలువవలసి వచ్చెడిది. పిల్లల మంచిచెడ్డలు చూచుటకు అధికారులను నియమింపవచ్చునని కొత్త చట్టము చెప్పినది గాని, వారికి జీతము మాత్రము ఏర్పరచలేదు. ఆ జీతములకు చందాలు కూర్చినవారు ఆ ఊరి స్త్రీలు. హల్ హౌస్ అను సేవాసదనమునకు చెందిన జూలియా లాత్రప్ వారిలో ముఖ్యురాలు. అయినను కొందరు పిల్లలు మరల మరల అదే న్యాయస్థానము మెట్లెక్కుచుండిరి. కారణము తెలియవలెనని 1909లో ఎథెల్ డమ్మర్ అను సంపన్న గృహిణి ఐదేండ్ల ఖర్చు తాను భరించి, విలియం హీలీ అను వైద్యుని ఆధ్వర్యమున ఒక పరిశోధనాలయము పెట్టించినది. హీలీ ఒక్కొక్క పిల్లవాని శరీరమును, బుద్ధిని, ఇంటిని, వీధిని విడివిడిగా పరిశీలించి, ఏ ఒక్క కారణమును అందరికి వర్తింపదని తేల్చినాడు. వైద్యుని అడుగక ముందే ఇరుగుపొరుగువారు అడిగిరన్న సంగతిని శ్రోతలు గమనింతురు గాక.

1922 నుండి కామన్‌వెల్త్ ఫండ్ అను ధర్మనిధి పలు నగరములలో ఇట్టి కేంద్రములను కొంతకాలము నడిపి, ఆపైన ఊరివారే నడుపుకొనవలెనని కోరినది. వైద్యుడు, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, సంఘసేవకురాలు ముగ్గురు కలిసి పనిచేయు పద్ధతి అట్లు స్థిరపడినది. 1937లో బొంబాయిలోని దొరాబ్జీ టాటా సంఘసేవా విద్యాలయమున మన దేశపు తొలి కేంద్రము మొదలైనది.

కాని ఆ కేంద్రములలో ఒక దోషము లోలోపల పెరిగినది. బిడ్డను తీసుకొనివచ్చిన తల్లియే క్రమముగా ముద్దాయి అయినది. 1943లో ఆటిజమును వర్ణించిన లియో కానర్, అది పుట్టుకతో వచ్చునదని వ్రాసియు, తల్లిదండ్రుల చల్లదనమును గూర్చి కూడ ప్రస్తావించినాడు. ఆ రెండవ మాటయే లోకమున వ్యాపించి, “రిఫ్రిజిరేటర్ తల్లులు” అను క్రూరమైన పేరుగా మారినది. బిడ్డ పలుకకుండుటయే ఒక దుఃఖము. దానిపై ఈ నింద! దానిని గట్టిగా ఖండించినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, అంతకు మించి అట్టి బిడ్డకు తండ్రి. 1964లో ఆయన గ్రంథము వెలువడినది. మరుసటి ఏడు తల్లిదండ్రులే ఒక సంఘముగా ఏర్పడిరి.

ఇది ఇట్లుండగా మన దేశపు మానసిక చికిత్సాలయములలో కుటుంబమునకు నిందయు లేదు, స్థానమును లేదు. రోగిని ద్వారము వద్ద అప్పగించి బంధువులు మరలిపోవుటయే రివాజు. 1950వ దశకమున అమృతసర్ ఆస్పత్రి అధికారి డాక్టర్ విద్యాసాగర్ ఈ రివాజును త్రోసివేసినారు. ఆవరణలోనే గుడారములు వేయించి, రోగులతోపాటు వారి ఇంటివారిని అందులో ఉంచినారు. సిబ్బంది చాలకపోవుట ఇందుకొక కారణమందురు. కొరతలో పుట్టినంత మాత్రమున ఆలోచన చిన్నది కాదు. ఆయన ఇంటివారిని సమావేశపరచి, జబ్బు స్వభావమును, రోగితో మెలగవలసిన తీరును బోధించెడివారు. అది ప్రత్యేకించి పిల్లల ఆస్పత్రి కాదు. అయినను, తప్పెవరిదను ప్రశ్నను ప్రక్కకు నెట్టి, తోడెవరను ప్రశ్నను ముందుకు తెచ్చినది ఆ గుడారములే అని మా అభిప్రాయము. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆరంభించిన మానసికారోగ్య కేంద్రములోను బంధువులు రోగితో ఉండు పద్ధతియే నెలకొన్నది.

తరువాత చికిత్సయే ఊరికి దగ్గరగా నడచినది. 1980వ దశకమున బళ్ళారి జిల్లాలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు చేసిన ప్రయత్నము ఆధారముగా, 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము దేశమున నాలుగు జిల్లాలలో ఆరంభమైనది. వాటిలో మన మెదకు ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు శిక్షణ ఇచ్చి, మందులు అక్కడనే అందజేయుట దాని పద్ధతి. పిల్లల భాగము మాత్రము అందులో స్వల్పమేనని చెప్పక తప్పదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము పిల్లల విషయమున రెండు మాటలు స్పష్టముగా చెప్పినది. ఆస్పత్రిలో చేర్చుకొన్న మైనరును పెద్దలనుండి వేరుగా ఉంచవలెను. ఆ బిడ్డ అచ్చట ఉన్నన్నాళ్ళు నామినీ ప్రతినిధి గాని, ఆ ప్రతినిధి నియమించిన సహాయకులు గాని తోడుండవలెను. సాధారణముగా ఆ ప్రతినిధి తల్లియో తండ్రియో, సంరక్షకుడో అయియుండును.